ఏడు అని రాసిన రీలు

ఫిబ్రవరి 4

మరమేకుకి,

బావ రాస్తున్నాను. మీరంతా కులాసా అనుకుంటాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఫోను చేయకుండా ఉత్తరమేమిటి అంటావేమో. నా చెవుల సంగతి నీకు తెలుసు. ముప్పయ్యేళ్లు ఫైరింజను నడిపినందుకు పింఛనుతో పాటు చెవుల్లో గరగర కూడా మిగిలింది. ఫోనులో నువ్వు మాట్లాడుతున్నావో, ఎవరైనా పప్పులు వేయిస్తున్నారో నాకు తేడా తెలియదు.

సూటిగా విషయానికొస్తాను. పోయిన నెలలో చేపలు పట్టే నా పాత రీలు రిజర్వాయరు మెట్ల మీద పడి, గాలపు కర్రకు బిగించే కాలు విరిగింది. ఆ వారమే కొత్తది కొన్నాను. పాతదాని మీద 7 అని ఉంది కనుక దీని మీదా 7 ఉందో లేదో చూసి మరీ తీసుకున్నాను. కంపెనీ వేరు, అంకె అదే.

మీ అక్క ఎరగా వేసేందుకు చివరగా చెక్కిన చెక్క చేప గుర్తుందా? పచ్చ వీపు, ఎర్ర పొట్ట. దాన్ని కట్టి, రాతిగోడ మునిగి ఉన్న చోట వేస్తున్నాను. అక్కడ పన్నెండడుగుల లోతు. కొట్లో అమ్మే ఎర చేపలకు, అదే క్రాంక్‌బైట్లకు ఉన్నట్టే దీనికీ మూతి ముందు పలక పెదవి ఉంది. లాగేకొద్దీ తల దించుకుని కిందికి దిగాలి. ఇది దిగడం లేదు. పది గజాలు వచ్చేలోపు పక్కకి ఒరిగి, బోర్లాపడి, పైకి వచ్చేస్తోంది. ఇరవైసార్లు వేశాను, ఇరవైసార్లూ అంతే.

దోషం ఎందులో ఉంది? చేపలోనా, రీలులోనా? రీళ్లు విప్పి బతికేవాడివి, నిన్ను ఊరికే మరమేకు అంటున్నానా, నీకు తెలియాలి. ఆలస్యం అమృతం విషం. వెంటనే రాయి.

బావ

తా.క. చెల్లెమ్మను అడిగానని చెప్పు.


ఫిబ్రవరి 10

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. కుట్టుమిషన్లు ఎక్కువగా వస్తున్నాయి, రీళ్లు తక్కువ.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అక్క పోయి ఐదు నెలలైంది. ఆమె చెక్కిన చేప ఒరుగుతోందని రాశారు తప్ప, ఆమె గురించి ఒక్క ముక్క లేదు. నేను ఎలా ఉన్నానని కూడా అడగలేదు. అడగాలని కాదు. అంతా అయిపోయిన మర్నాడే మీరు అక్క పనిముట్లన్నీ గోనెసంచిలో కుక్కి, నా చేతికిచ్చి, నాలుగింటి బస్సుకి టైమవుతోందన్నారు. ఇంట్లో ఆమె వస్తువులు మీకు అంత అడ్డమయ్యాయా అనుకుంటూనే బస్సెక్కాను. ఆ సంచి నా కొట్లో మూలన అలాగే ఉంది, విప్పలేదు.

ఇక అడిగినదానికి జవాబు. రీలు మీద 7 ఉందంటే, పిడి ఒక్క చుట్టు తిప్పితే దారం చుట్టుకునే స్పూలు లోపల ఏడు చుట్లు తిరుగుతుందని అర్థం. 5 అయితే ఐదు. లోతుకు దిగే చెక్క చేపకు పెదవి పెద్దది, నీటిని గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని వడిగా లాగితే ఒరిగిపోతుంది. మీ చెయ్యి కూడా పీకుతుంది. ఏడు నీటి పైపైన ఆడేవాటికి బాగుంటుంది. లోతు చేపకు ఐదే తగినది. ఐదు అంకె ఉన్న రీలు తీసుకోండి. చేపలో దోషమేమీ లేదు.

మీ బావమరిది


ఫిబ్రవరి 15

మరమేకుకి,

'బావగారికి నమస్కారాలు' అట. నీకు లాగు జారిపోయే రోజుల నుంచి 'బావా' అనే పిలిచావు, ఈ 'గారు' ఎక్కడిది? అలిగితే అలిగానని రాయి.

నాకు ఐదు ఎందుకు చెబుతున్నావు? పదిహేనేళ్లు ఏడుతోనే పట్టాను. అదే గోడ, మీ అక్క చెక్కిన చేపలే. లోతు చేపకు ఏడేమిటని పడవలవాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. సాయంత్రం నా బుట్ట చూశాక ఇంకేమీ అనేవాళ్లు కాదు. ఒకసారి నువ్వు కూడా పక్కనే ఉన్నావు. వాళ్లకి నేను పాఠం చెబుతుంటే నేల చూపులు చూస్తూ నిలబడ్డావు.

అంకె అదే, చెయ్యి అదే, గోడ అదే. మారింది ఒక్క చేపే. అది నీకూ తెలిసి ఉంటుంది. నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఐదూ ఆరూ అని లెక్కలు చెబుతున్నావు.

అసలు సంగతి నీకు చెప్పలేదు. ఆ చేపను ఆమె మంచం మీద కూర్చుని చెక్కింది. అప్పటికే చేతులు వణికేవి. కత్తి ఇవ్వనని నేను దెబ్బలాడితే, 'వేళ్లు తెగితే నావే కదా' అంది. నెలన్నర పట్టింది. రంగు ఆరాక నా అరచేతిలో పెట్టి ఇలా అంది:

"ఇది గోడను తాకాలి. తాకిందంటే నా చెయ్యి ఇంకా బాగున్నట్టే. నువ్వు వేసి చూసొచ్చి చెప్పు."

నేను వెళ్లేలోపే ఆమె వెళ్లిపోయింది. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. అది ఏ మాటో తెలుసుకోవాలని రోజూ ఆ మెట్ల దగ్గరికి వెళుతున్నాను. నాలుగు నెలలు ధైర్యం చాలక, పోయిన నెల మొదటిసారి దీన్ని పట్టుకెళితే, వేసేలోపే పాత రీలు మెట్ల మీద పడింది; కొత్తది కొన్నప్పటి నుంచి వేరే పని లేదు నాకు. నాకు ఓదార్పు అక్కర్లేదు. మీ అక్క చెయ్యి చివర్లో తప్పిందా లేదా, ఉన్నదున్నట్టు చెప్పు. తిరుగు టపాలో రాయి.

బావ


ఫిబ్రవరి 21

బావా,

మీ ఉత్తరం చదివి కొట్టు తలుపులు దగ్గరగా వేసి కూర్చున్నాను. మంచం మీద చెక్కిందని నాకు తెలియదు. పోయినసారి రాసిన తీరుకి ఏమీ అనుకోకండి.

అక్క చెయ్యి తప్పలేదు. నేను ఒట్టేసి చెప్పగలను. కానీ ఎందుకలా చెబుతున్నానో మీకు వివరంగా రాయలేను. రీళ్ల మీద అంకెలన్నీ ఒక్కలా ఉండవు, కంపెనీని బట్టి, స్పూలు లావును బట్టి తేడా వస్తుంది. పాత ఏడు, కొత్త ఏడు ఒకటే అనుకోకండి. కొత్త రీలు కొనడం ఇష్టం లేకపోతే మానెయ్యండి. ఉన్నదాన్నే నెమ్మదిగా తిప్పండి. పిడి ఒక్కో చుట్టుకి ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకోండి. చేప దిగుతుంది.

'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు' అని అక్క మిమ్మల్ని ఎన్నిసార్లు దెప్పేదో గుర్తుంది కదా. ఆ మాటే అనుకుంటూ తిప్పండి.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఆ సంచి నాకెందుకిచ్చారు? అంత త్వరగా?

మీ బావమరిది


ఫిబ్రవరి 26

మరమేకుకి,

లెక్కపెట్టాను. మొదటి పది చుట్లు నువ్వు చెప్పినట్టే తిరిగాయి. ఆ తర్వాత మనసు లెక్కపెడుతూనే ఉంది, చెయ్యి మాత్రం దాని పరుగు అది అందుకుంది. ఫైరింజను తోలినవాడి చేతికి 'మెల్లగా' అంటే ఏం అర్థమవుతుంది? చేప మళ్లీ ఒరిగింది. రెండు రోజులు ఇదే తంతు.

వివరంగా రాయలేనన్నావు. అక్కడే దొరికిపోయావు. కాలిన ఇళ్ల ముందు నిలబడినవాళ్లకి నేనూ అలాంటి మాటలే చెప్పేవాణ్ని. 'లోపల ఏమీ కాలేదమ్మా, కాసేపాగి చూద్దాం' అని. ఎలాంటి గొంతుతో చెబుతారో నాకు తెలుసు.

గాలాలు అమ్మే కొట్టాయనకి చేప చూపించాను. పెదవి ఎడమవైపు వెంట్రుకవాసి ఎక్కువుందన్నాడు. ఆకురాయితో రెండుసార్లు రాస్తే సరిపోతుందట. కనుక నిర్ణయించుకున్నాను. మార్చి ఎనిమిది, ఆదివారం, ఆమె బల్ల మీదే బిగించి రాసేస్తాను. ఆమె చెయ్యి తప్పింది, నేను సరిచేస్తాను. మొగుడూ పెళ్లాల మధ్య ఇది కొత్తేమీ కాదు. కాకపోతే ఆమెకి చెప్పడానికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు. 'తాకింది' అంటే అబద్ధం. 'నేను రాశాక తాకింది' అనాలి.

సంచి సంగతి. అది నీకివ్వమని ఆమే చెప్పింది. 'వాడికే పనికొస్తాయి, మరచిపోకుండా ఇవ్వు' అని రెండుసార్లు చెప్పింది. అందుకే ఇచ్చాను. ఆమె చెప్పిందని నీతో అనలేదా నేను? అన్నాననే అనుకున్నాను. బస్సు తప్పుతుందేమోనన్న కంగారులో ఉన్నాను. బస్సు తప్పితే నువ్వు ఆ పూట ఉండిపోతావు. నువ్వు తల పక్కకి వంచి అచ్చం ఆమెలాగే చూస్తావు. ఆ రోజు అది చూడలేకపోయాను.

ఇక చెప్పడానికేమీ లేదు. నీ దగ్గర ఉన్నమాట ఏదైనా ఉంటే ఆదివారం లోపు రాయి.

బావ


మార్చి 3

బావా,

ఆకురాయి కింద పెట్టండి. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా చేపను ముట్టుకోవద్దు. దీన్ని రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. దానితో ఒక చిన్న డబ్బా కూడా వస్తుంది.

మీ పాత రీలు ఏడు కాదు, ఐదు.

పదిహేనేళ్ల కిందట మీరు దాన్ని శుభ్రం చేయమని అక్కతో నా కొట్టుకి పంపారు. ఆమె బల్ల ముందు కూర్చుని, పైన అంకె అలాగే ఉంచి లోపలి గేర్లు మార్చగలవా అని అడిగింది. అదే కంపెనీ ఐదు అంకె రీలు ఒకటి పాడైపోయి నా దగ్గర పడి ఉంది. గేర్లు కొలిచి చూస్తే సరిపోతాయి. ఎందుకే అని అడిగాను. అక్క నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"మీ బావ ఏ పనైనా పది నిమిషాల్లో ముగించి లేచిపోతాడురా. అన్నం కూడా అంతే. నా రీలు ఇస్తే నత్త అని పక్కన పడేశాడు. ఆయన రీలుతో చేపలు పడవు, పడక విసుగొచ్చి ఇంటికి పోదామంటాడు. నాలుగు చేపలు పడితే కూర్చుంటాడు. నాకు ఆయన పక్కన ఒక పూట కూర్చోవాలని ఉంది, అంతే."

అలా మార్చాను. మీరు తీసుకుని రెండు చుట్లు తిప్పి, 'నూనె బాగా వేశావురా, చెయ్యి తేలికైంది' అన్నారు. తేలిక నూనె వల్ల వచ్చింది కాదు. ఐదు అంకె గేర్లు చేతికి బరువు తక్కువ. మీకు ఎప్పటికీ చెప్పనని అక్క నా చేత ప్రమాణం చేయించుకుంది. తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడంది. ఆ తర్వాత పడవలవాళ్లకి మీరు ఏడు గొప్పతనం చెబుతున్నప్పుడల్లా నేను తేలుకుట్టిన దొంగలా నిలబడేవాణ్ని. అక్క మాత్రం దారం ముడి విప్పుతున్నట్టు తల దించుకుని నవ్వేది.

నెల రోజులుగా ఆ ప్రమాణానికి కట్టుబడి మీకు అడ్డదారిలో సమాధానాలిచ్చాను. మీరు ఆకురాయి తీస్తానని రాసేసరికి ఇంక నావల్ల కాలేదు. అక్కకిచ్చిన మాట నిలబెట్టుకుని అక్క చేసిన చివరి వస్తువు పాడుచేయించడమా? తప్పయితే అది నాదే, తర్వాత ఆమెకి నేనే చెప్పుకుంటాను.

మీరు నా మాట నమ్మనక్కర్లేదు. పాత రీలు కాలే విరిగింది, పిడి తిరుగుతుంది కదా. రెండు రీళ్లూ బల్ల మీద పెట్టండి. దారం మీద ఒక గుర్తు పెట్టి, పిడి ఒకే ఒక్క చుట్టు తిప్పి, ఎంత దారం లోపలికి పోయిందో టేపుతో కొలవండి. టేపుకి మీ మీద జాలి ఉండదు.

మీ ఉత్తరం అందాక గోనెసంచి విప్పాను. కత్తులు, రంగు కుంచెలు, అడుగున ఒక మందుల డబ్బా. అందులో మీ రీలులోంచి నేను తీసేసిన ఏడు అంకె గేర్లు, గుడ్డముక్కలో చుట్టి ఉన్నాయి. నా కొట్లో మీ కంటపడతాయని ఆ రోజే ఆమె పట్టుకుపోయింది. పదిహేనేళ్లు దాచింది. ఆ డబ్బానే పంపుతున్నాను.

సంచి గురించి నేను అనుకున్నదంతా తప్పు. క్షమించండి బావా.

మీ మరమేకు


మార్చి 14

మరమేకూ,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం అన్నాను కానీ నా సంగతి నీకు తెలుసు. శుక్రవారమే చేపను బల్లకి బిగించి ఆకురాయి తీశాను. ఒక్కసారి రాశాను. రెండోసారికి చెయ్యి ముందుకి పోలేదు. పోకపోవడం నా జన్మలో అదే మొదలు. పెదవి అంచున సన్నటి తెల్ల గీత పడింది. లోతుగా పడలేదు. అలాగే ఉంటుంది.

కొలిచాను. కొత్తది ముప్పై అంగుళాలు లాగింది, పాతది ఇరవై ఒకటి. నమ్మక మూడుసార్లు కొలిచాను. మూడోసారికి టేపు మీద అంకెలు కనబడలేదు, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

అబద్ధమెందుకు, మొదటి రెండు రోజులు మీ ఇద్దరి మీదా మండిపడ్డాను. ఊళ్లోని పడవలవాళ్లందరికీ పదిహేనేళ్లు ఉపన్యాసాలిచ్చానే, ఆపినవాడు లేడే అని. కోపం మీద నీకు రెండు పేజీలు రాసి చింపేశాను. మూడో రోజు ఆ డబ్బాలోని గేర్లు చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్న సాయంత్రాలు. తన చిన్నప్పటి మాటలు, నీ అల్లరి, చూడాలనుకుని చూడని ఊళ్లు, అన్నీ ఆమె అక్కడే చెప్పింది. ఇంట్లో ఎప్పుడు చెప్పేది, నేను కూర్చుంటే కదా. చేపలు పడుతున్నాయి కదా అని కూర్చున్నాననుకున్నాను. ఆమె కూర్చోబెట్టిందని తెలియలేదు.

ఒక్క పూట అడిగిందిరా. నోరు తెరిచి నన్నే అడగొచ్చు కదా అనుకున్నాను. అడిగే ఉంటుంది. నేను అప్పటికే లేచి ఉంటాను.

మొన్న గురువారం పాత రీలును రేకు పట్టీతో కర్రకి బిగించి గోడ దగ్గరికి వెళ్లాను. చేపను దూరంగా వేశాను. లెక్కపెట్టలేదు, మెల్లగా తిప్పాలని కూడా చూడలేదు. నా చెయ్యి నా పరుగే పరుగెత్తింది, రీలు దాని నడకే నడిచింది. దారం ఏటవాలుగా కిందికి పోయింది, పోతూనే ఉంది. నా చెవులకి ఏమీ వినిపించదు కానీ అరచేతికి తెలిసింది. టక్. కాసేపటికి మళ్లీ టక్. మూడోది కూడా. రాళ్ల మీద తల కొట్టుకుంటూ వస్తోంది. ఒరగలేదు, బోర్లాపడలేదు.

మీ అక్క చెయ్యి తప్పలేదు. తప్పిందని నేను ఆకురాయి పట్టాను.

నాలుగోసారి తగిలి, తగిలినచోటే ఇరుక్కుంది. గోడ సందులో గట్టిగా పట్టేసింది. నా సంగతి నీకు తెలుసు, ఇన్నేళ్లలో ఎన్ని చేపలు గుంజి తెంపుకున్నానో. తెంపినప్పుడల్లా ఆమె ఒకటే చెప్పేది, చెక్క కదా, లాగకుండా దారం వదిలెయ్యి, అదే తేలుతుంది అని. నేను ఏనాడూ వదల్లేదు. మొన్న వదిలాను. దారం వదులు చేసి కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. పక్క మెట్టు మీద ఆమె కూర్చునే చోటు చూస్తూ, చెప్పాల్సిన మాట చెప్పాను. తాకిందే, నీ చెయ్యి బాగానే ఉంది అని. పైకే అన్నాను. నాకు వినబడదు కనుక ఎంత గట్టిగా అన్నానో తెలియదు, దూరాన పడవలో ఇద్దరు తిరిగి చూశారు.

మళ్లీ నీళ్లకేసి చూసేసరికి పచ్చ వీపు పైన తేలుతోంది.

చేప ఒక్కటీ పడలేదు. చీకటి పడ్డాకే ఇంటికొచ్చాను.

పాత రీలుకి కొత్త కాలు వెయ్యాలి. పోస్టులో పంపను. నువ్వే వచ్చి తీసుకెళ్లు, లేదా నీ పనిముట్లు తెచ్చుకుని ఇక్కడే వెయ్యి. ఆమె బల్ల ఖాళీగానే ఉంది. లోపల ఐదు అలాగే ఉంచు, పైన ఏడు చెరపకు. నువ్వు ప్రమాణం తప్పావని ఆమెకి తెలియనివ్వకూడదు. చెల్లెమ్మను కూడా తీసుకురా. ఈసారి నీ బస్సు టైము నేను చూడను.

ఎప్పుడు వస్తావో రాయి. తొందరేమీ లేదు.

బావ